తోడు వెళ్లిన నర్సమ్మ

మీ ట్యాబులు చూశాను. బీపీకి ఒక గడి, షుగరుకు ఒక గడి, రక్తం తక్కువైతే ఒక గడి, చంటిబిడ్డ బరువుకు ఒక గడి. ఆడదానికి నెలనెలా వచ్చే కడుపునొప్పికి మాత్రం గడి లేదు. మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. మా కాలంలో బల్ల నిండా రిజిస్టర్లు ఉండేవి, వాటిలోనూ లేదు. ఎక్కడా రాయక్కర్లేని నొప్పి గురించి పైవాళ్లు మనల్ని అడగరు, మనం కిందవాళ్లను అడగం.

సచివాలయాల్లో కొత్తగా నర్సులుగా చేరిన మీలాంటి పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన కేసు చెప్పండి" అంటారు. పాముకాట్లు, ట్రాక్టరు తొట్టిలో పురుళ్లు చెబుతానని వాళ్ల ఆశ. అవి చెప్పడం సులువు. వాటిలో నేను ధైర్యంగా, తెలివిగా కనబడతాను. అందుకే చాలాసార్లు అవే చెప్పాను. ఈసారి నేను వణికిపోయిన కేసు చెబుతాను.

గురజాల దాటి లోపలికి వెళితే వచ్చే ఊళ్లో చాలా ఏళ్లు ఏ.ఎన్.ఎం.గా చేశాను. ఊళ్లో ఎవరికీ ఆ మూడక్షరాలు తెలియవు, నర్సమ్మ అంటే తెలుసు. నేను చేరిన కొత్తలో పిల్లల ఆపరేషన్లకు టార్గెట్లుండేవి. ఆ రిజిస్టరులో అన్నిటికన్నా చివర మోటివేటరు అని ఒక గడి ఉండేది. ఆపరేషనుకు ఒప్పించి, తోడు తీసుకెళ్లినవాళ్ల పేరు అందులో రాయాలి. మా ఆసుపత్రి రిజిస్టరులో ఆ గడి పొడుగునా నా పేరే. మీటింగుల్లో నన్ను లేపి నిలబెట్టి మెచ్చుకునేవాళ్లు. ఇంటింటికీ తిరిగి నేను చెప్పే మాట ఒకటుండేది. "ఇద్దరు పుట్టారు, ఇంక ఆ సంచితో నీకేం పనే?" నవ్వుతూ అనేదాన్ని, వాళ్లూ నవ్వేవాళ్లు. నేను అన్నది పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషను గురించే. కానీ మాట నోరు దాటాక దాన్ని ఎవరు ఎక్కడ వాడుకుంటారో మన చేతిలో ఉండదని అప్పుడు తెలియలేదు.

నాకూ ఆ నొప్పి ఉండేది. నెలలో మూడు రోజులు బస్సులో కమ్మీ పట్టుకొని పళ్లు బిగించి నిలబడేదాన్ని. ముప్పై రెండో ఏట పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లి గర్భసంచి తీయించేసుకున్నాను. లోపల ఏముంది, ఎందుకు తీయాలి అని నేను అడగలేదు. డ్యూటీలోనే డాక్టర్లను ప్రశ్నించే అలవాటు లేనిదాన్ని, మంచం మీద పడుకున్నాక ఏం అడుగుతాను? సంచితోపాటు అటూ ఇటూ ఉండే అండాశయాలు కూడా తీసేశారని ఇంటికొచ్చాక కాగితంలో చదువుకున్నాను. నొప్పి మాత్రం పోయింది. కొన్నాళ్లకు మళ్లీ నవ్వుతూ డ్యూటీలో చేరాను.

ఊరు నన్ను చూసింది. మిరపకోతలు అయిపోయి ఎండలు ముదిరాక ఆడవాళ్లకు పని తగ్గుతుంది. అప్పుడు ఇద్దరు ముగ్గురు మాట్లాడుకొని, ఒకేరోజు ఖాయం చేసుకొని, ఒకే ఆటోలో వెళ్లి సంచి తీయించుకోవడం మొదలైంది. ఒకరికొకరు తోడు, ఆసుపత్రిలో పక్కపక్క మంచాలు. తిరునాళ్లకు వెళ్లినట్టే వెళ్లేవాళ్లు. "మా నర్సమ్మే తీయించుకుంది, మనకేంది భయం" అనేవాళ్లు. మొదటి రెండు మూడు ఏళ్లలో వాళ్లలో నలుగురో అయిదుగురో నన్ను తోడు రమ్మంటే వెళ్లాను. అది నా డ్యూటీ కాదు. ఎవరూ ఏ రిజిస్టరులోనూ రాయలేదు. పిలిచారు కదా అని గర్వంగా వెళ్లాను.

ఆ తర్వాత నాకు వచ్చినవి ఎవరికీ చెప్పలేదు. ఉన్నట్టుండి ఒళ్లంతా మంటపెట్టినట్టయి చెమటలు కారేవి. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. నలభై దాటకముందే మోకాళ్లు పట్టేశాయి, బాత్రూములో చిన్నగా జారితే మణికట్టు విరిగింది. అండాశయాలు లేకపోతే ముట్లుడిగిన వయసు బాధలన్నీ ముందే వస్తాయని, ఎముకలు గుల్లబారతాయని నాకు మెల్లగా అర్థమైంది. ట్రైనింగులకు వెళ్లినప్పుడు పెద్ద డాక్టర్లు చెప్పే మాటలు విని, ఆసుపత్రిలో ఆ పక్కపక్క మంచాలు, వాటి మీద మా ఊరి ఆడవాళ్ల ముఖాలు గుర్తొచ్చి తల దించుకునేదాన్ని. చెబితే తోడు తీసుకెళ్లినవాళ్లకు ఏం సమాధానం చెప్పాలి? అందుకని తోడు వెళ్లడం మానేశాను, అంతే. కొత్తగా ఎవరైనా పిలిస్తే సెలవు లేదనేదాన్ని. వద్దని మాత్రం అనలేదు. ఇరవై అయిదేళ్లు అలా గడిపేశాను.

రిటైరవడానికి ఇంకా మూడేళ్లుందనగా, మాఘమాసంలో ఒకరోజు ఆశా కార్యకర్త ఫోను చేసింది. "మేడం, మిరపచేలో పిల్ల పడిపోయింది, తొందరగా రండి" అంది. వడదెబ్బ వేళ కాదు, పురుగుమందు తాగిందేమోనని బ్యాగు తీసుకొని బయల్దేరాను. వెళ్లి చూస్తే సాళ్ల మధ్య ముడుచుకొని పడుకొని ఉంది ఒక అమ్మాయి. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లుంటాయి. కొంగు ముద్దచేసి నోట్లో కుక్కుకుంది, అరుపు బయటికి రాకుండా. చుట్టూ కోతకూలి ముఠా ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లెవరికీ కొత్తగా ఉన్నట్టు లేదు.

"నెలకోసారి ఇంతే నర్సమ్మా. నాలుగు రోజులు కోతకు పనికిరాదు" అంది ముఠా పెద్ద.

ఆ అమ్మాయిని నేను ఎరుగుదును. ఆమె ఇద్దరు పిల్లలకూ టీకాలు వేసింది నేనే. పిల్లల ఆపరేషనుకు తీసుకెళ్లింది కూడా నేనే. ఇన్నిసార్లు వాళ్లింటికి వెళ్లాను, ఈ నొప్పి సంగతి ఒక్కసారీ అడగలేదు. బ్యాగులో ఉన్న నొప్పి బిళ్ల ఇచ్చి, నీళ్లు తాగించి, తల ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. విరిగి అతికిన మణికట్టే అది, పట్టుకుంటే ప్రాణం పోయింది. వదిలించుకోలేదు.

"తీయించేయండమ్మా. దీన్ని తీసి పారేయించండి. ఇంక నావల్ల కాదు" అంది.

ఆమె అత్త అప్పటికి పక్క చేలోంచి పరుగెత్తుకొచ్చింది. పరుగంటే పరుగు కాదు, ఒక చెయ్యి నడుం మీద వేసుకొని వచ్చింది. ఆమెకు యాభై మూడేళ్లు, చూస్తే డెబ్బై అనుకుంటారు. నేను తోడు వెళ్లిన ఆ నలుగురైదుగురిలో ఆమె ఒకతె.

"శివరాత్రి తిరునాళ్ల పోయిన సోమవారం తీయిస్తన్నాం నర్సమ్మా" అంది. "మన డాక్టరు స్కానింగు తీయించాడు. సంచి చెడిపోయిందంట. ఇట్టాగే ఉంచితే కేన్సరు అవుద్దంట. అందరూ ఎండల్లో పోతారు గానీ ఇది అప్పటిదాకా ఆగేటట్టు లేదు. నువ్వు తోడు రావాల. నాకొచ్చినట్టే దీనికీ రావాల."

సరే చూద్దాం అన్నాను. ఆ ఒక్క మాటకే ఆమె ముఖం తేలికపడింది.

సాయంత్రం వాళ్లింట్లో స్కానింగు కాగితం చూశాను. నేను డాక్టర్ని కాదు, కానీ ఇంగ్లీషులో నార్మల్ అన్న మాట చదవగలను. గర్భసంచి ఎదురుగా అదే రాసుంది. ఎడమ అండాశయం మీద రక్తంతో నిండిన గడ్డ ఉందని, పెద్ద డాక్టరుకు చూపించమని కింద రాసుంది. కేన్సరు అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆ అమ్మాయి మొగుడు ట్రాక్టరు తోలతాడు. గుమ్మంలో నిలబడి నా ముఖమే చూస్తున్నాడు.

"అంత భయమాండీ?" అన్నాడు. "కేన్సరంటే ఇంక మనిషి దక్కదుగా. మీరెట్టంటే అట్టా చేత్తాం మేడం."

అప్పుడు చెప్పాలి నేను. చెప్పలేదు. కాగితం మడిచి ఇచ్చేసి, బీపీ ఒకసారి చూసి వచ్చేశాను.

తర్వాతి వారం రోజులూ నా భయం ఒకటి కాదు. ఆపరేషను వద్దని ఆపితే, రేపు నిజంగానే ఏ కేన్సరో బయటపడితే? ఊరు నన్ను బతకనివ్వదు, నన్ను నేనూ బతకనివ్వను. ఆపకపోతే, ఇరవై ఏడేళ్ల పిల్ల నాలాగా, వాళ్ల అత్తలాగా గోడ పట్టుకొని లేవాలి. మా ఆశా కార్యకర్త మంచి మనిషి, నాకంటే లోకజ్ఞానం ఉన్న మనిషి. ఆమెతో అంటే, "మీకెందుకు మేడం? రిటైర్మెంటు ముంగిట మనం చేయాల్సింది టీకాలు. వద్దన్నామా, ఆ పిల్లకి ఏది జరిగినా మన మీదకొస్తది. ఊరుకోండి" అంది. ఆమె చెప్పింది తప్పని ఇప్పటికీ అనలేను.

ఊళ్లో వైద్యం చేసే డాక్టరును బస్టాపు దగ్గర టీ కొట్లో కలిశాను. డిగ్రీ లేకపోయినా జ్వరానికి అర్ధరాత్రి లేపినా వస్తాడు, అందుకే ఊరికి ఆయనంటే గురి. కాగితంలో సంచి బాగానే ఉందని రాశారు కదండీ, మరి కేన్సరని ఎందుకు చెప్పారు అని అడిగాను. ఆయనకు కోపం రాలేదు. ఆప్యాయంగా నవ్వాడు.

"ఇయ్యాల కాకపోతే రేపు చెడిపోద్ది మేడం, పిల్లలు పుట్టాక దాంతో పనేముంది? మీరు తీయించుకోలా? నేను భయపడే ఆడోళ్లందరికీ మిమ్మల్నే చూపిస్తా. మన నర్సమ్మని చూడండే, నిక్షేపంలా ఎట్టా తిరుగుతాందో అంటా."

టీ గ్లాసు కింద పెట్టేశాను. నేను మోకాళ్లకు పట్టీలు వేసుకొని, చీర కుచ్చిళ్లు వాటి మీదికి సర్దుకొని డ్యూటీకి వచ్చేదాన్ని. ఆయన చూపిస్తున్నది ఆ నర్సమ్మని. ఎన్నేళ్లుగా చూపిస్తున్నాడో, ఎంతమందికి చూపించాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

శివరాత్రికి కోటప్పకొండ వెళ్లి మొక్కు చెప్పుకొని వచ్చారు వాళ్లు. సోమవారానికి ఇంకా రెండు రోజులుంది. శనివారం పొద్దున నా హెల్త్ సెంటరుకు తాళం వేసి వాళ్ల కల్లం దగ్గరికి వెళ్లాను. ఎర్రగా పరిచిన మిరపకాయల్లో కూర్చొని తాలుకాయలు ఏరుతున్నారు. తెల్లగా మచ్చపడ్డ కాయను తాలు అంటారు, అది కలిస్తే మంచి కాయకూ విలువ పోతుంది. అత్త, కోడలు, ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇద్దరు. నేనూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని వాళ్లతోపాటు కూర్చొని ఏరడం మొదలుపెట్టాను. కాసేపు ఘాటుకు దగ్గాను. ఇంకాసేపు ఊరికే దగ్గాను.

"సోమారం పొద్దున్నే ఆటో వస్తది" అంది అత్త. "నువ్వు అన్నం తెచ్చుకోబాక, నేనే కడతా."

అప్పుడు చెప్పాను. తల ఎత్తకుండా, కాయలు ఏరుతూనే చెప్పాను. స్కానింగు కాగితంలో కేన్సరు లేదని చెప్పాను. నాకు సంచితోపాటు పక్కనుండే రెండూ తీసేశారని, ఆ తర్వాత ఏడాదికే ఒళ్లు మంటలు మొదలయ్యాయని, ఫ్యాను కింద కూర్చున్నా జాకెట్టు తడిసిపోయేదని చెప్పాను. నిద్ర లేని రాత్రులు, నడుం, మోకాళ్లు, విరిగిన మణికట్టు, ఒక్కొక్కటే చెప్పాను. ముప్పై మూడేళ్లకే నా ఒళ్లు ముసలిదైపోయిందని చెప్పాను. చీర కొంచెం పైకి లాగి పట్టీలు చూపించాను.

కాయల గలగల ఆగిపోయింది. తల ఎత్తితే అత్త చేతులు కుప్పలో అలాగే ఉండిపోయాయి. నేను వల్లించింది నా ఒంటి సంగతి. ఆమె విన్నది తన ఒంటి సంగతి.

"అందుకా నాకు?" అంది. చాలా మెల్లగా అడిగింది. "చేతబడి అనుకున్నా. మా ఆడబిడ్డ చేయించిందనుకొని పదేళ్లు దాంతో మాట మానుకున్నా. అందుకా?"

అవునన్నాను. నీక్కూడా రెండూ తీశారు, ఆ రోజు కాగితం నేను చూశాను అన్నాను.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేందే?"

ఆ ఊళ్లో నన్ను ఎవరూ 'ఏందే' అని అనలేదు అప్పటిదాకా. భయపడ్డాను అన్నాను. ఆమె నేల మీద చెయ్యి ఆనించి, నడుం పట్టుకొని, రెండుసార్లు ప్రయత్నించి లేచింది. నా వైపు చూడకుండా ఇంటి వైపు వెళ్లిపోయింది. నాకు అక్కడే భూమిలో కలిసిపోతే బాగుండుననిపించింది.

కోడలు మాత్రం కదల్లేదు. నన్నే చూస్తోంది. ఆమెకు నా బాధ మీద జాలి లేదు, ఉండాల్సిన పని కూడా లేదు.

"మీకు నొప్పి పోయిందా లేదా? అది చెప్పండి ముందు."

"పోయింది" అన్నాను.

"పూర్తిగా పోయిందా?"

"పూర్తిగా పోయింది."

"మీకు పోయింది. నాకు మళ్లీ పదిహేను రోజుల్లో వస్తది. వచ్చే ముందు రెండు రోజుల నుంచే అన్నం సయించదు భయానికి. పిల్లలు దగ్గరికొస్తే విసిరికొడతన్నా. మీరు సుఖంగా తీయించుకొని, నన్ను ఇట్టాగే చావమంటారేంది?"

ముప్పై ఏళ్లకు పైబడ్డ నా సర్వీసులో అంత సూటిగా నన్ను ఎవరూ అడగలేదు. వద్దనడం లేదమ్మా అన్నాను. నీకు నిజంగా ఏముందో ఇంకా ఎవరూ చూడలేదు. చూసి చెప్పమందాం. అప్పుడు కూడా తీసేయాలంటే నేనే తోడొస్తాను, ఒట్టు అన్నాను. ఆమె చాలాసేపు తాలుకాయలు ఏరింది. చివరికి, "సోమారం వచ్చే ఆటో నరసరావుపేట పోద్దా?" అని అడిగింది.

నరసరావుపేట పెద్దాసుపత్రిలో ఆడవాళ్ల వైద్యం చూసే డాక్టరమ్మ చిన్న వయసుదే, నా కూతురంత ఉంటుంది. ముందు నన్ను, ఆ అమ్మాయి మొగుణ్ణి బయటికి పంపింది. కాసేపటికి పిలిచి అందరి ముందూ మళ్లీ చెప్పింది. సంచి బాగానే ఉంది. లోపలి పొరలాంటిది బయట అండాశయం మీద పెరిగి, నెలనెలా అక్కడా రక్తం ఊరి గడ్డకట్టింది. కేన్సరులా కనబడటం లేదు. ముందు మూడు నెలలు బిళ్లలు వాడి చూద్దాం, తగ్గకపోతే చిన్న గాట్లు పెట్టి గడ్డ వరకే తీయొచ్చు, అండాశయాన్ని ఉంచొచ్చు. కొందరికి సంచి తీయాల్సే వస్తుంది, అది తప్పేం కాదు. నీకు ఇప్పుడే అంతదాకా వెళ్లక్కర్లేదని నా అభిప్రాయం. ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నా, ఏ దారిలోనైనా నొప్పి మళ్లీ రాదని నేను రాసివ్వలేను.

అని, "నీకేం కావాలమ్మా?" అని అడిగింది.

మొగుడు నోరు తెరిచాడు. డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆ అమ్మాయి ఏడ్చేసింది. తర్వాత బస్సులో నాతో చెప్పింది, ఈ నొప్పి మొదలయ్యాక ఆ మాట అడిగింది ఆవిడొక్కతే అని. పక్కసీట్లో కూర్చొని విన్నాను. అడగనివాళ్లలో నేనే మొదటిదాన్ని.

బిళ్లలు వాడింది. రెండు నెలలు కాస్త తేలిక, మూడో నెల మళ్లీ నోట్లో కొంగు. రెండోసారి స్కానింగులో గడ్డ ఇంకా పెరిగింది. ఆపరేషను తప్పదన్నారు, గుంటూరులో చేస్తామన్నారు. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. నర్సమ్మ అడ్డం పడకపోతే ఎప్పుడో అయిపోయేది, మూడు నెలలు పిల్లను ఊరికే ఏడిపించింది అన్నారు. నాకూ అదే అనిపించింది. ఇరవై అయిదేళ్ల కింద ధైర్యంగా ఒక తప్పు చేశాను, ఇప్పుడు పిరికితనంతో ఇంకో తప్పు చేశానేమో.

ఆపరేషనుకు ముందురోజు వాళ్లింటికి వెళ్లాను. "ఇంకా ఆలోచించుకోవచ్చు. మొత్తం తీసేయమని నువ్వంటే డాక్టరమ్మతో మాట్లాడదాం" అన్నాను. పిల్లలకు అన్నం కలుపుతోంది.

"నాకు సంచి మీద మమకారమేం లేదండీ" అంది. "కానీ పొద్దున్నే మా అత్త మంచం దిగేది చూస్తా రోజూ. ముందు కాళ్లు కింద పెడతది. కాసేపు కూర్చుంటది. అప్పుడు గోడ పట్టుకుంటది. ముప్పై ఏళ్లకే నేనట్టా లేవలేను. గడ్డ వరకే తీయమనండి. మళ్లీ వస్తే అప్పుడు చూసుకుంటా. భయంగానే ఉంది, అయినా ఇది నేననుకున్నదే."

గుంటూరులో పొద్దున తొమ్మిదికి లోపలికి తీసుకెళ్లారు. గంట, గంటన్నర అన్నారు. పదకొండు దాటింది, పన్నెండు దాటింది. నేను ఆపరేషను గదుల బయట ఎన్ని గంటలు కూర్చున్నానో లెక్క లేదు, ఆ రోజు మాత్రం కుదురుగా కూర్చోలేకపోయాను. ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేదాన్ని, ఎవరో ట్రాలీ తోసుకుంటూ వెళ్లేవాళ్లు. మొగుడు కిందికీ పైకీ తిరుగుతున్నాడు. కల్లం రోజు నుంచి నాతో మాట్లాడని అత్త అదే బల్ల మీద, మధ్యలో మనిషి పట్టేంత ఎడంగా కూర్చుంది. చేతిలో అన్నం గిన్నె. మూత తీయలేదు.

ఒంటిగంటప్పుడు ఆమె నోరు తెరిచింది.

"నా ఆపరేషనప్పుడు కూడా నువ్వు ఇట్టాగే బల్ల మీద కూర్చున్నావంట. మా ఆయన చెప్పాడు."

"కూర్చున్నాను" అన్నాను.

"నిద్రపోయావంట."

నిజమే. తెల్లవారుజామున లేచి వెళ్లాం, ఎండ, ఫ్యాను గాలి. హాయిగా నిద్రపోయాను. లోపలున్న మనిషికి ఏం తీస్తున్నారో అడగాలని కూడా నాకు తోచలేదు. ఆ మాట గుర్తొచ్చి ఆసుపత్రి వరండాలో అందరి ముందూ ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. జరిగి దగ్గరికి రాలేదు. గిన్నె మూత మీద చెయ్యి అలాగే ఉంచి తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

రెండు కావొస్తుండగా అక్కడ ఆపరేషను చేసిన డాక్టరమ్మ బయటికొచ్చింది. గడ్డ పేగుకు అతుక్కుపోయి ఉందని, నెమ్మదిగా విడదీయాల్సొచ్చిందని, అందుకే ఆలస్యమైందని చెప్పింది. సంచి ఉంచాం, అండాశయాలు ఉంచాం, అమ్మాయి బాగుంది అంది. అత్త డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకొని ఒకటే అడిగింది.

"రెండూ ఉన్నాయా తల్లీ? చూశావా నువ్వు? రెండూ ఉన్నాయా?"

ఉన్నాయంది డాక్టరమ్మ. అప్పుడు అన్నం గిన్నె మూత తీసింది ఆమె. మొదటి ముద్ద నాకే పెట్టింది. కారం ఎక్కువై నా కళ్లు మండాయి.

ఆ తర్వాత అంతా సుఖమని చెబితే అబద్ధం. ఆ అమ్మాయికి ఇప్పటికీ కొన్ని నెలల్లో నొప్పి వస్తుంది, బిళ్లలు వాడుతూనే ఉంది, ఏడాదికోసారి స్కానింగుకు వెళుతుంది. ప్రతిసారీ గడ్డ మళ్లీ వచ్చిందేమోనని నా ప్రాణం గుప్పిట్లో ఉంటుంది. కానీ నోట్లో కొంగు పెట్టుకోవడం లేదు. మరుసటేడు మిరపకోతల్లో నెలకు ఒక్కరోజే మానింది. ఎట్టా ఉందే అని అడిగితే, "పోలా. కాకపోతే ఇప్పుడు నేను దాంతో కాపరం చేయగలను" అంది.

నేను చేసిందల్లా ఒకటుంది. గుంటూరు నుంచి వచ్చాక, వాడని పాత రిజిస్టరు ఒకటి తీసి స్కేలుతో గళ్లు గీశాను. పేరు, వయసు, నొప్పి ఎప్పటినుంచి, ఎవరికి చూపించారు, ఏముందన్నారు, ఏం నిర్ణయించుకున్నారు. చెయ్యి అలవాటు కొద్దీ చివర్న మోటివేటరు అని కూడా రాసేసింది. రాశాక చూసి నవ్వొచ్చింది, కొట్టేయబుద్ధి కాలేదు. ఇంటింటికీ వెళ్లినప్పుడు అడగడం మొదలుపెట్టాను. మొదట్లో సిగ్గుపడ్డారు. తర్వాత నేను చాలనేదాకా చెప్పారు. చివరి గడి మాత్రం అందరికీ ఖాళీగా ఉంచాను. ఈసారి నేను ఎవరినీ దేనికీ ఒప్పించడం లేదు.

రిటైరయ్యే వారం ఆ అత్త సెంటరుకు వచ్చింది. గోడ పట్టుకొని మెట్లెక్కి, కుర్చీలో కూలబడి, ఊపిరి తీసుకున్నాక అంది.

"ఏదో పుస్తకం పెట్టావంటగా. నాది కూడా రాయ్."

"నీకు నొప్పి లేదుగా ఇప్పుడు" అన్నాను.

"అప్పుడుందిగా. రాయ్."

రాశాను. పేరు, అప్పటి వయసు ఇరవై ఎనిమిది. ఎవరికి చూపించారు అన్నచోట ఆసుపత్రి. ఏముందన్నారు అన్నచోటికి వచ్చేసరికి ఆగాను. "ఏమీ చెప్పలేదు అని రాయ్" అంది. అదే రాశాను. ఏం నిర్ణయించుకున్నారు అన్నచోట, "నన్నెవరడిగారు?" అంది. అదీ రాశాను.

"అయిపోయిందా?"

"అయిపోయింది" అన్నాను.

ఆమెకు చదువు రాదు. కానీ వేలు తీసుకొచ్చి సరిగ్గా ఆ చివరి గడి మీద పెట్టింది.

"ఇది ఖాళీగా ఉందే? పిల్లల ఆపరేషనప్పుడు ఇక్కడ నీ పేరు రాసుకునేదానివి, నేను చూశాగా. ఇక్కడ ఏం రాయాల?"

"ఎవరు తోడు తీసుకెళ్లారో రాయాలి" అన్నాను.

"మరి రాయ్."

ఆ రిజిస్టరు మన సెంటరు బీరువాలో కింద అరలో ఉంది, అట్ట ఊడిపోయింది. ఇప్పుడు ఆ ఊళ్లో మీరున్నారు కాబట్టి చెబుతున్నాను. తెరిస్తే అన్ని వరసల్లోనూ చివరి గడి ఖాళీగా ఉండి, ఒక్క వరసలో మాత్రం వంకర అక్షరాలతో ఒక పేరు కనబడుతుంది. ఎవరిదా అని వెతక్కండి. అది నాదే.